పగడపు దిబ్బలు ఎందుకు తెల్లబడుతున్నాయి? సీమలో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కడప జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మాకు దగ్గరి సముద్రమంటే నెల్లూరు వైపే, బస్సెక్కితే నాలుగైదు గంటలు. అయినా పగడపు దిబ్బల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు వదలరు. క్లాసు అయ్యాక వరండాలో నిలబెట్టి అడుగుతారు, ఇంటికెళ్ళాక ఫోన్ చేసి అడుగుతారు. కర్నూలు, అనంతపురం నుంచి వచ్చే మా చుట్టాలు అడిగినవి కూడా కొన్ని ఉన్నాయి. చెప్పిందే చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

పగడం అంటే రాయా, చెట్టా, ప్రాణమున్న జీవా?

ప్రాణమున్న జీవి. జెల్లీచేపకు దగ్గరి చుట్టం. టెక్స్ట్‌బుక్‌లో "ప్రవాళ భిత్తికలు" అని చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా దాన్ని రాయి అనే అనుకుంటుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, చూడటానికి అలాగే ఉంటుంది.

మా అవ్వ చాలా ఏళ్ళ కింద రామేశ్వరం యాత్రకు పోయి ఒక తెల్లటి ముక్క తెచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మా షోకేసులో శంఖాల పక్కన ఉండేది. చిన్నప్పుడు దాన్ని ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కలేదు. డిగ్రీలో చేరాకే భూతద్దం పెట్టి చూశాను. దాని ఒళ్ళంతా చిన్న చిన్న గిన్నెలు. ఒక్కో గిన్నె ఆవగింజ కన్నా కాస్త పెద్దది. గిన్నె అంచు నుంచి మధ్యలోకి సన్నటి గోడలు, చక్రం ఆకుల్లాగా. ఒక్కో గిన్నెలో ఒక్కో జీవి కూర్చునేది. దాన్ని పాలిప్ అంటారు. మెత్తటి ఒళ్ళు, పైన నోరు, నోటి చుట్టూ వేళ్ళలాంటి టెంటకిల్స్. నీటిలోని సున్నాన్ని తీసుకుని తన కింద తనే ఆ గిన్నె కట్టుకుంటుంది. అవ్వ తెచ్చింది వందలమంది ఉండిపోయిన ఇల్లు, ఇంట్లోవాళ్ళు ఎవరూ లేని ఇల్లు.

మరి అది దిబ్బ ఎలా అవుతుంది?

ఒక పాలిప్ పక్కన ఇంకొకటి పుడుతుంది, పాతవాటి గూళ్ళ మీద కొత్తవి కట్టుకుంటాయి. గుండ్రాయిలా పెరిగే రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కొమ్మల్లా పెరిగేవి పది సెంటీమీటర్ల దాకా పెరగగలవు. అలా వేల ఏళ్ళకు దిబ్బ లేస్తుంది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్ 2,300 కిలోమీటర్ల పొడవున అలా పెరిగిందే.

ఆ రంగులన్నీ పగడానివేనా?

చాలావరకు కాదు. పాలిప్ ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచుమొక్కలు కాపురం ఉంటాయి. జూజాంథెల్లే అంటారు. అవి ఎండను పట్టుకుని ఆహారం తయారు చేసి, అందులో ఎక్కువ భాగం పాలిప్‌కే ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అలాగే వస్తుంది. బదులుగా పాలిప్ వాటికి ఇల్లు ఇస్తుంది, ఎరువు ఇస్తుంది. మనకు కనిపించే గోధుమ, ఆకుపచ్చ రంగులు ఎక్కువగా ఆ నాచువే. ఈ పొత్తు అర్థమైతే తక్కినదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

తెల్లబడటం అంటే చచ్చిపోయినట్టేనా?

కాదు. వార్తల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు, అది నాకు బాధ కలిగిస్తుంది.

నీరు మరీ వేడెక్కితే లోపలి నాచు ఆహారం తయారు చేసే పద్ధతి చెడిపోతుంది. ఆహారానికి బదులు పాలిప్ ఒంటికి హాని చేసే పదార్థాలు పుట్టిస్తుంది. అప్పుడు పాలిప్ తప్పనిసరై ఆ నాచును బయటకు నెట్టేస్తుంది. రంగు పోతుంది, మెత్తటి ఒంట్లోంచి కింది సున్నపు గూడు తెల్లగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో బ్లీచింగ్ అనేది దీన్నే. ఆ సమయంలో పగడం బతికే ఉంటుంది, కానీ పస్తు ఉంటుంది. కొన్ని వారాల్లో నీరు చల్లబడితే నాచు మళ్ళీ చేరుతుంది, పగడం కోలుకుంటుంది. వేడి అలాగే ఉంటే ఆకలితో చచ్చిపోతుంది. చచ్చాక ఎక్కువ కాలం తెల్లగా కూడా ఉండదు, పైన పాచి పట్టి మురికి రంగుకు వస్తుంది. ఫొటోలో తళతళ తెల్లగా ఉన్న పగడం కనిపిస్తే అది ఇంకా పోరాడుతోందని అర్థం.

ఒక్క డిగ్రీకే ఇంత రాద్ధాంతమా? మేం 44 డిగ్రీల్లో బతకట్లేదా?

అనంతపురం పిల్లలు ఏటా తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. మే నెలలో కర్నూలు, నంద్యాల ఎండల్లో పెరిగినవాళ్ళకు ఒక డిగ్రీ ఒక లెక్కలోకి రాదు.

కానీ మనం వేడైతే నీడకు పోతాం, కడవలో నీళ్ళు తాగుతాం, చెమట పడుతుంది. పగడం పుట్టిన చోటే అతుక్కుని ఉంటుంది. దానికి చుట్టూ ఉన్న నీటి వేడే ఒంటి వేడి. కాబట్టి ఎండ వేడితో కాకుండా జ్వరంతో పోల్చి చూడండి. మన ఒంటి వేడి ఒక డిగ్రీ పెరిగితే పడుకుంటాం, మూడు పెరిగితే ఆసుపత్రికి పరుగెత్తుతాం.

ఆ చోట మామూలుగా ఎండాకాలంలో ఉండే అత్యధిక వేడి మీద ఇంకో డిగ్రీ పెరిగి, కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు తెల్లబడతాయి. శాస్త్రవేత్తలు దీన్ని వారాల లెక్కన కొలుస్తారు. ఒక డిగ్రీ ఎక్కువ వేడి నాలుగు వారాలుంటే తెల్లబడటం మొదలవుతుందని, ఎనిమిది వారాలకు సమానమైన వేడి చేరితే చావులు ఎక్కువవుతాయని అంచనా. రెండు డిగ్రీలు ఎక్కువైతే అందులో సగం కాలానికే ఆ ప్రమాదం వస్తుంది. 2023 జులైలో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర లోతు తక్కువ ఉన్న ఒక చోట సముద్రపు నీరు 38.4 డిగ్రీలు చూపించింది. అది స్నానానికి కాచుకున్న వేన్నీళ్ళ వేడి.

ఎల్‌నినో ఎప్పుడూ ఉండేదే కదా? దానికీ వాతావరణ మార్పుకూ సంబంధం ఏమిటి?

దీనికి సీమ రైతు కన్నా బాగా ఎవరూ జవాబు చెప్పలేరని నా నమ్మకం.

ఒక ఏడు వాన లేకపోతే రైతు తట్టుకుంటాడు. చెనిక్కాయ విత్తనం కొద్దిగా దాచిపెట్టుకుంటాడు, గొర్రెలు రెండు అమ్ముకుంటాడు, తర్వాతి ఏడు వాన పడితే లేచి నిలబడతాడు. వరుసగా మూడేళ్ళు కరువొస్తే? విత్తనం ఉండదు, పశువులు ఉండవు, అప్పు ఉంటుంది. ఆ తర్వాత మంచి వాన పడినా విత్తడానికి చేతిలో ఏమీ ఉండదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎన్నేళ్ళ ఎడం ఉందన్నదే అన్నిటికన్నా ముఖ్యం.

పగడాలకూ అంతే. గట్టి దెబ్బ తిన్న దిబ్బ కోలుకోవడానికి, అదీ త్వరగా పెరిగే రకాలతో, పది పదిహేనేళ్ళు పడుతుంది. 1980ల మొదట్లో ఒకే దిబ్బ తీవ్రంగా తెల్లబడటానికీ, మళ్ళీ తెల్లబడటానికీ మధ్య 25 నుంచి 30 ఏళ్ళు ఉండేది. 2016 నాటికి అది సుమారు ఆరేళ్ళకు వచ్చింది. ప్రపంచంలోని వంద దిబ్బల లెక్కలు తీసి 2018లో ప్రచురించిన అధ్యయనం తేల్చిన సంగతి ఇది.

ఎల్‌నినో పాతదే, నిజం. అది పసిఫిక్ మహాసముద్రంలో కొన్నేళ్ళకోసారి వచ్చే వేడి. అయితే బొగ్గు, పెట్రోలు, డీజిల్ మండించి మనం గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల భూమి మీద మిగిలిపోయే అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. అంటే సముద్రం అసలే వేడెక్కి ఉంది, దాని మీద ఎల్‌నినో వచ్చి పడుతోంది. 2023లో వచ్చిన ఎల్‌నినో మనకు గుర్తుండే ఉంటుంది, సీమలో చాలా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించిన ఏడు అది. లక్షద్వీప్ పగడాలు తెల్లబడటానికి దారితీసిన వేడి మొదలైందీ ఆ ఏడాది చివర్లోనే. ఎల్‌నినో వచ్చిన ప్రతిసారీ మనకు కరువు రాదు, 1997లో దేశం మొత్తానికి వానలు మామూలుగానే పడ్డాయి. సముద్రానికి మాత్రం 1998 మొట్టమొదటి పెద్ద దెబ్బ.

ఇప్పటిదాకా ఎంత పోయింది?

ప్రపంచమంతా ఒకేసారి పగడాలు తెల్లబడిన సందర్భాలు నాలుగు: 1998, 2010, 2014-17, ఇక 2023లో మొదలైనది. 1998 దెబ్బకు ప్రపంచంలోని పగడాల్లో 8 శాతం చనిపోయాయి. 2009 నుంచి 2018 లోపు మరో 14 శాతం పోయాయి. నాలుగోది మిగతా మూడింటి కన్నా పెద్దది. 2023 జనవరి నుంచి 2025 మార్చి వరకు లెక్క తీస్తే, ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో సుమారు 84 శాతం మీద తెల్లబడేంత వేడి పడింది. అంతా చచ్చిపోయిందని కాదు, అంత మేర ఆ వేడిని అనుభవించిందని.

గ్రేట్ బారియర్ రీఫ్ 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025 సంవత్సరాల్లో పెద్ద ఎత్తున తెల్లబడింది. ఆ ఏళ్ళ మధ్య ఎడం ఎలా తగ్గుతూ వచ్చిందో ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి.

మన దేశంలో ఎక్కడున్నాయి? ఆంధ్రాకు అంత తీరం ఉంది కదా, ఇక్కడ ఎందుకు లేవు?

గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, తమిళనాడులో మన్నార్ సింధుశాఖ, దాని పక్కనే పాక్ జలసంధి ప్రాంతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు. ఇవీ ముఖ్యమైనవి.

మన తీరంలో పెద్ద దిబ్బలు లేకపోవడానికి కారణం గోదావరి, కృష్ణ. పగడానికి ఉప్పునీరు, తేట నీరు, ఎండ కావాలి. నదులు మంచినీటిని, ఒండ్రును తెచ్చి సముద్రంలో పోస్తాయి. నీరు మసకబారితే నాచుకు ఎండ అందదు, ఒండ్రు పేరుకుంటే పాలిప్‌కు ఊపిరాడదు. మనకు పంట పండించే ఒండ్రే వాటికి పడదు.

లక్షద్వీప్, మన్నార్‌లో ఏం జరిగింది?

లక్షద్వీప్ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆ దీవులే పగడాలు. అక్కడ కాలి కింద ఉన్న నేల పగడాలు అరిగి ఏర్పడిన ఇసుక. చుట్టూ దిబ్బ గోడలా నిలబడి అలను ఆపుతుంది, లోపల ప్రశాంతంగా ఉండే లగూన్ అనే ఉప్పునీటి మడుగు, ఆ మధ్యలో జనం. దిబ్బ చచ్చిపోతే గోడ అరుగుతుంది. సముద్రమట్టం ఒకపక్క పెరుగుతోంది, గోడ మరోపక్క తగ్గుతోంది. 1998, 2010, 2016లో అక్కడ పగడాలు తెల్లబడ్డాయి. మధ్యలో కోలుకున్నాయి కూడా, కానీ ప్రతిసారీ ముందు ఉన్నంత వరకు రాలేదు. 2023 అక్టోబరు చివరి నుంచి మళ్ళీ సముద్రంలో వడగాలుల వంటి పరిస్థితి మొదలై నెలల తరబడి నిలిచింది. 2024 వేసవిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళు వెళ్ళి చూస్తే చాలా దీవుల దగ్గర పగడాలు తీవ్రంగా తెల్లబడి ఉన్నాయి.

మన్నార్‌లో 2016 వేసవి తర్వాత లెక్క తీస్తే, బతికున్న పగడం కప్పిన భాగం సుమారు 39 శాతం నుంచి 23 శాతానికి పడిపోయింది. అక్కడ వేడికి ముందే మనిషి చేసిన గాయం ఉంది. సున్నం కోసం, ఇళ్ళ కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వి తీశారు. మన్నార్‌లోని 21 దీవుల్లో రెండు, పూవరసన్‌పట్టి, విలంగుచల్లి, నీట మునిగాయి. రామేశ్వరం పోయే మనవాళ్ళు ఆ సముద్రం పక్క నుంచే ధనుష్కోటి వెళతారు.

సముద్రం ఆమ్లంగా మారుతోందంటారు. అదేమిటి?

మీ వంటింటి గట్టు కడప బండైతే ఇది మీకు ముందే తెలుసు. నిమ్మకాయ పిండినప్పుడు రసం బండ మీద పడి, వెంటనే తుడవకపోతే ఏమవుతుంది? తెల్లారి చూస్తే నల్లటి నునుపు మీద మసక మచ్చ. ఎంత రుద్దినా పోదు. అది మరక కాదు, అక్కడ బండ కొద్దిగా కరిగింది. కడప బండ సున్నపురాయి, పులుపు సున్నాన్ని తింటుంది.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు సముద్రం పీల్చుకుంటోంది. నీటిలో కలిసి అది కార్బానిక్ ఆమ్లం అవుతుంది. ఫ్యాక్టరీలు పెద్దగా లేని కాలంతో పోలిస్తే సముద్రపు పైనీటి పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి వచ్చింది. పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, అది తగ్గితే ఆమ్ల గుణం పెరిగినట్టు. తేడా చిన్నదే, కానీ పీహెచ్ కొలిచే పద్ధతి ప్రకారం ఆమ్ల గుణం దాదాపు 30 శాతం పెరిగినట్టు.

ఒక జాగ్రత్త చెప్పాలి. సముద్రం నిమ్మరసం అయిపోలేదు, ఇప్పటికీ క్షారమే. పగడాలు కళ్ళముందే కరిగిపోతున్నాయని చెప్పడం సరికాదు. అసలు సమస్య ఏమిటంటే, గూడు కట్టడానికి పాలిప్‌కు కావలసిన కార్బొనేట్ నీటిలో తగ్గుతోంది. ఇసుక దొరకని మేస్త్రీ పనిలా అయింది. గోడ లేస్తుంది, కానీ ఆలస్యంగా, బలహీనంగా లేస్తుంది. వేడి చంపిన చోట మళ్ళీ కట్టుకోవాల్సిన సమయంలోనే ఈ కొరత.

మన కడప బండ, బేతంచెర్ల బండ కూడా పగడాల నుంచే వచ్చాయా?

పగడాల నుంచి కాదు, సముద్రం నుంచి మాత్రం నిజమే. ఈ మాట విన్నప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

మన ప్రాంతం ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి పొరలు పొరలుగా రాయి అయింది. అందుకే బండ అంత చక్కగా పలకలుగా లేస్తుంది. బెలూం గుహలు కూడా అలాంటి సున్నపురాయిని నీళ్ళు తొలిచి చేసినవే, 3,229 మీటర్ల పొడవున. వేంపల్లె వైపు రాళ్ళు ఇంకా పాతవి, సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటివి. వాటిలో స్ట్రోమాటోలైట్లు కనిపిస్తాయి. కోసిన ఉల్లిగడ్డలో పొరల్లాగా వంపు గీతలు ఉంటాయి. అప్పటికి భూమ్మీద పగడం లేదు, చేప లేదు, చెట్టు లేదు. సూక్ష్మజీవులే పొర మీద పొర వేసి ఆ దిబ్బలు కట్టాయి. జీవులు కట్టిన దిబ్బల్లో ప్రపంచంలోని అతి పాత రకం అదే. ఈ రాళ్ళ పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు పాపాఘ్ని, చిత్రావతి. మన ఏర్ల పేర్లే.

ఇప్పుడున్న దిబ్బలు కట్టే పగడాల వంశం సుమారు 24 కోట్ల ఏళ్ళ నాటిది. ఇంతకు ముందు కూడా సముద్రం వేడెక్కిన కాలాలున్నాయి, దిబ్బలు దాదాపు కనుమరుగైన కాలాలున్నాయి. మళ్ళీ రావడానికి లక్షల ఏళ్ళు పట్టింది. "ప్రకృతి తనే చూసుకుంటుందిలే" అనేవాళ్ళకు నేను ఆ లెక్క చెబుతాను.

అవి పోతే సీమలో ఉన్న మనకేమిటి?

సముద్రపు నేలలో పగడపు దిబ్బలున్నది ఒక్క శాతం కన్నా తక్కువ. కానీ సముద్ర జీవుల్లో సుమారు నాలుగో వంతు ఏదో ఒక దశలో వాటి మీద ఆధారపడతాయి. వచ్చే అలల శక్తిలో సగటున 97 శాతాన్ని దిబ్బలు తగ్గిస్తాయి, అది తీరంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు రక్ష. రక్త క్యాన్సర్‌కు దశాబ్దాలుగా వాడుతున్న సైటరబిన్ అనే మందుకు దారి చూపింది కరీబియన్ దిబ్బల్లోని ఒక స్పాంజి. కర్నూలులోనో తిరుపతిలోనో ఒక బిడ్డకు ఆ మందు ఎక్కిస్తున్నప్పుడు అది ఎక్కడిదని ఎవరూ ఆలోచించరు.

అయితే ఈ ప్రశ్నకు నా సొంత జవాబు వేరే. లాభం లేకపోయినా అవి బతకాలి. కరువు వచ్చినప్పుడు కోస్తావాళ్ళకు మన సంగతి పట్టలేదని మనం ఎన్నిసార్లు అనుకోలేదు?

ప్రొద్దుటూరులో ఉంగరంలో పెట్టించుకునే పగడం, ఇదీ ఒకటేనా?

కాదు. నల్లపూసల్లో కూర్చే ఎర్ర పగడం, కుజుడికని ఉంగరంలో పొదిగేది, మధ్యధరా సముద్రంలో, జపాన్, తైవాన్ వైపు సముద్రాల్లో దొరికే వేరే జాతి. అది దిబ్బలు కట్టదు. అదీ చాలా నెమ్మదిగా పెరిగేదే, దాన్నీ విపరీతంగా తీశారు.

రామేశ్వరంలో కొన్న తెల్ల పగడం ముక్క ఇంట్లో ఉంది. తప్పా?

2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులితో సమానం. తీయడం, అమ్మడం, కొనడం నేరం. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. మా అవ్వ కాలానికి అది తెలియదు. ఆమె భక్తితో తెచ్చుకుంది. ఇప్పుడు ఎవరైనా దుకాణంలో చూపిస్తే కొనకండి. ఆ తెలుపు ఊరికే రాలేదు, బతికున్నదాన్ని తీసి, ఒళ్ళు కుళ్ళబెట్టి, బ్లీచింగ్ వేసి కడిగితే వచ్చింది. ఇంట్లో పాతది ఉంటే అటవీశాఖ రేంజ్ ఆఫీసులో చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చేయండి. మేం అలాగే చేశాం.

పగడాలను మొక్కల్లా నాటుతున్నారట. పని చేస్తుందా?

చేస్తుంది, కొంతవరకు. విరిగిన ముక్కలను తెచ్చి, సిమెంటు దిమ్మెలకో ఇనుప చట్రాలకో కట్టి, నీటిలో నర్సరీలా పెంచి, తర్వాత దిబ్బ మీద నాటుతారు. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002 నుంచి మన్నార్‌లో ఈ పని చేస్తోంది. అక్కడి వాన్ దీవి అలలకు కోసుకుపోతుంటే చుట్టూ కాంక్రీటు దిమ్మెలు దింపి కృత్రిమ దిబ్బ కట్టారు. గుజరాత్‌లో మిఠాపూర్ దగ్గర 2020లో బయోరాక్ పద్ధతి మొదలుపెట్టారు. నీటిలో ఇనుప చట్రం పెట్టి చాలా తక్కువ కరెంటు పంపితే దాని మీద సున్నం పేరుకుంటుంది, దాని మీద పగడం త్వరగా నిలదొక్కుకుంటుంది. కరెంటు సోలార్ పలకల నుంచే.

మనసులో మాట చెబుతాను. ఇది ఎంత గొప్ప పనో అంత చిన్న పని. ఒక్కో ముక్కను డైవర్ నీటిలోకి దిగి చేత్తో కట్టాలి. వేల చదరపు కిలోమీటర్ల దిబ్బలను అలా నాటలేం. పైగా నాటినవి కూడా అదే వేడి నీటిలో ఉండాలి. ఫ్లోరిడాలో 2023లో ఏళ్ళ తరబడి పెంచిన నర్సరీ పగడాలను నీటిలోంచి తీసి లారీల్లో ఒడ్డు మీది తొట్లకు తరలించాల్సి వచ్చింది. వాళ్ళ అవస్థ చూస్తే నాకు కరువులో పశుగ్రాస కేంద్రాలకు ఆవులను తోలుకుపోయే మన రైతులు గుర్తొచ్చారు. విత్తనం మిగలాలంటే ఈ పని కావాలి. కానీ దీన్నే పరిష్కారమని చెప్పి బొగ్గు సంగతి పక్కన పెట్టేవాళ్ళను నమ్మకండి.

వేడికి తట్టుకునే రకాలు లేవా? సంకరం చేయలేమా?

ఉన్నాయి. ఎర్రసముద్రం ఉత్తర కొనలో అకాబా సింధుశాఖ పగడాలు మిగతావాటి కన్నా ఎక్కువ వేడిని ఓర్చుకుంటాయి. ఆస్ట్రేలియా, హవాయి శాస్త్రవేత్తలు గట్టి రకాలను ఎంచి కలపడం, లోపలి నాచును ల్యాబులో వేడికి అలవాటు చేసి తిరిగి ఇవ్వడం వంటివి చేస్తున్నారు. చెనిక్కాయలో కరువును తట్టుకునే రకాలు తీసినట్టే. కదిరి పరిశోధన కేంద్రంవాళ్ళు ఒక రకం తేవడానికి ఎన్నేళ్ళు కష్టపడతారో మనకు తెలుసు. పగడాల శుక్రకణాలను గడ్డకట్టించి దాచే బ్యాంకులు కూడా ఉన్నాయి. చాలా పగడాలు ఏడాదికొకసారే, అదీ పౌర్ణమి దాటిన కొన్ని రాత్రుల్లో, అండాలు, శుక్రకణాలు నీటిలోకి వదులుతాయి. ఆ రాత్రి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ప్లాస్టిక్, సన్‌స్క్రీన్ వల్ల కూడా నష్టమేనా?

ప్లాస్టిక్ వల్ల నష్టం గట్టిగానే ఉంది. ఆసియా పసిఫిక్ దిబ్బల మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ప్లాస్టిక్ తగిలిన పగడానికి జబ్బు వచ్చే అవకాశం 4 శాతం నుంచి 89 శాతానికి పెరిగింది. సన్‌స్క్రీన్‌లోని రెండు రసాయనాలను హవాయి 2021 నుంచి నిషేధించింది. వేడితో పోలిస్తే సన్‌స్క్రీన్ చిన్న విషయం.

సిమెంటు ఫ్యాక్టరీలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. అంటే మనమూ కారణమేనా?

ఒక్కరి మీద వేలు పెట్టి చూపే సంగతి కాదిది, అయినా లెక్క దాచకూడదు. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే, మండించే బొగ్గు సంగతి అలా ఉంచి, రాయి లోపలి నుంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. శుద్ధమైన టన్ను సున్నపురాయికి 440 కిలోలు. ప్రపంచంలోని కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7, 8 శాతం సిమెంటువే. పాత సముద్రం రాయిలో దాచిపెట్టిన దాన్ని మనం తవ్వి గాలిలోకి వదిలితే, ఇప్పటి సముద్రం దాన్ని మళ్ళీ మింగుతోంది.

ఆ ఫ్యాక్టరీల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. మూసేయమనడం నాకు చేతకాదు, అక్కర కూడా లేదు. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన పీపీసీ సిమెంటులో కాల్చిన సున్నపురాయి వాటా తక్కువ. కాల్చిన బంకమట్టి, పచ్చి సున్నపురాయి కలిపి చేసే ఎల్‌సీ3 అనే రకంతో కార్బన్ 40 శాతం దాకా తగ్గించవచ్చు. దాన్ని తయారు చేసినవారిలో మన ఢిల్లీ ఐఐటీ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో ఈ మాట ఎత్తండి.

సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మేం ఏం చేయగలం?

కర్బనం విషయంలో దూరం లెక్కలోకి రాదు. అందుకే ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల నేల మీద ఉన్న వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కును చూపించి, పగడాలను కాపాడే పని ఇదీ అని పిల్లలకు చెబుతాను. అనంతపురం గాలిమరలూ అంతే. ఇంటి మీద సోలార్ పెట్టుకునేవాళ్ళకు 2024 నుంచి పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. మన ఎండ మనకు ఇచ్చిన ఆస్తి అది.

ఇవన్నీ చేసినా, అసలు నిర్ణయాలు ప్రభుత్వాలవి, పెద్ద కంపెనీలవి. ఓటు అడగడానికి వచ్చినవాళ్ళను బోరు గురించి, రోడ్డు గురించి అడుగుతాం కదా, బొగ్గు ఎప్పుడు తగ్గిస్తారని కూడా అడగాలి.

నిజం చెప్పండి, ఆశ ఉందా?

వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2018లో చెప్పిన లెక్క ఇది: భూమి సగటు వేడి 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయి, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా. ఈ లెక్క చెప్పిన రోజు క్లాసులో చప్పుడు ఉండదు. ఒక అమ్మాయి మాత్రం లేచి, "సార్, 70కీ 99కీ మధ్య చాలా ఉంది కదా" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. 30 శాతం మిగలడం, ఒక శాతం మిగలడం ఒకటి కాదు. డిగ్రీలో ప్రతి పదో వంతుకూ కొన్ని దిబ్బలు మిగులుతాయి. హిందూ మహాసముద్రం నడుమ ఛాగోస్ దీవుల దిబ్బలు 1998లో ఘోరంగా దెబ్బతిని కూడా, చుట్టూ మనుషుల ఒత్తిడి లేకపోవడంతో పది పన్నెండేళ్ళలో కోలుకున్నాయి. ఎడం దొరికితే అవి లేస్తాయి.

అండమాన్ టూరుకు పోతున్నాం. ఏం జాగ్రత్తలు?

పగడం మీద కాలు పెట్టకండి, చేత్తో తాకకండి. లోతు తక్కువ అని చెప్పి మోకాళ్ళ నీటిలో నడిపించే గైడును వద్దనండి. ముక్క ఒక్కటి కూడా తేవద్దు, ఒడ్డున పడి ఉన్నదైనా సరే.

ఈ చదువు చదవాలంటే ఎక్కడ?

డిగ్రీలో జువాలజీ లేదా ఫిషరీస్ చాలు. ఆ తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తమిళనాడులో పరంగిపేటై దగ్గర అన్నామలై విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర కేంద్రం మంచివి. ఈత రాదని ఆగిపోకండి. సీమ పిల్లలకు ఈత బావుల్లో నేర్చుకునే అలవాటు తగ్గిపోయింది, కానీ డైవింగ్ ఇరవై ఏళ్ళకు కూడా నేర్చుకోవచ్చు. కంప్యూటర్ ఇష్టమైతే ఉపగ్రహ చిత్రాల పని ఉంది.

ఇప్పుడు ఎక్కడ వేడెక్కుతోందో ఎలా తెలుసుకోవాలి?

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ మన దేశపు పగడాల కోసం హెచ్చరికలు ఇస్తుంది. ఉపగ్రహం కొలిచిన నీటి వేడిని బట్టి అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్, కచ్ ఒక్కోదానికీ పరిస్థితి చూపిస్తుంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు, ఫీజు లేదు. మన సముద్రాల్లో ప్రమాదం ఎక్కువగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లో. మా పిల్లలు ఆ రెండు నెలలూ వారానికొకసారి ఆ వివరాలు చూసి, ఎన్ని వారాలుగా వేడి ఉందో నోటుబుక్కులో రాస్తారు. జూన్‌లో కేరళకు రుతుపవనాలు తాకి సముద్రం మీద మబ్బు పట్టాక మన్నార్ వైపు వేడి తగ్గిందా లేదా అని చూసి, ఆ ఏడాది లెక్క మూసేస్తారు.